మీకు తెలుసా? ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఇల్లు మీది కాదు

లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉంటున్న కొడుకో కూతురో ఫోన్ చేసి "ఇల్లు కుదిరింది, మా ఆఫర్ ఒప్పుకున్నారు" అనగానే ఇక్కడ అమ్మానాన్నలు గృహప్రవేశానికి ముహూర్తాలు చూడటం మొదలుపెడతారు. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాక బేరం ఓ కొలిక్కి వచ్చినట్టే కాబట్టి అలా అనుకోవడం సహజం. అక్కడ మాత్రం ఆఫర్ ఒప్పుకున్న రోజుకూ తాళంచెవి చేతికొచ్చే రోజుకూ మధ్య మూడు నుంచి ఆరు నెలలు గడవడం మామూలే. అన్ని నెలల్లో కొనేవాళ్ల తరఫున నిలబడే మనిషి సొలిసిటర్ అనే న్యాయవాది ఒక్కరే. ఏ మాటకు ఏ రోజు నుంచి విలువ వస్తుందో, సొలిసిటర్ అసలు ఏం చేస్తారో ముందే తెలిస్తే బోలెడంత డబ్బూ మనశ్శాంతీ మిగులుతాయి.

● "ఒప్పుకున్నాం" అన్న మాటకు చట్టంలో బలం లేదు

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు, స్థలం అమ్మకం ఒప్పందం కాగితం మీద ఉండాలి, షరతులన్నీ అందులోనే ఉండాలి, ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. 1989 నాటి చట్టం చెప్పేది ఇదే. ఆ సంతకాల కాగితాలు చేతులు మారేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడినట్టు కాదు. అమ్మేవాళ్లకు ఇంకొకరు పదివేలు ఎక్కువిస్తామంటే మిమ్మల్ని వదిలేసి అటు వెళ్లొచ్చు. దీన్ని గజంపింగ్ అంటారు. కొనేవాళ్లు సంతకాల ముందురోజు "ధర తగ్గిస్తేనే" అని మెలిక పెట్టొచ్చు. అది గజండరింగ్. రెండూ చట్టవిరుద్ధం కావు. అప్పటికే మీరు సర్వేకు, సొలిసిటర్‌కు, సెర్చ్‌లకు కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. పిల్లలు బడి మారడానికి దరఖాస్తు పెట్టుకుని, ఉన్న అద్దె ఇంటికి నోటీసిచ్చేసిన కుటుంబాలకు ఇలా జరిగితే ఎంత బాధో చెప్పనక్కర్లేదు. కాంట్రాక్టు కాగితాలు చేతులు మారకముందు అద్దె ఇంటికి నోటీసు ఇవ్వనే వద్దు.

● ఏజెంట్ ఎంత నవ్వుతూ మాట్లాడినా అమ్మేవాళ్ల మనిషే

ఎస్టేట్ ఏజెంట్‌కు కమీషన్ ఇచ్చేది అమ్మేవాళ్లు. మీరు ఎంతదాకా వెళ్లగలరో ఏజెంట్‌కు చెబితే ఆ సంగతి అమ్మేవాళ్లకు చేరిందనే అనుకోవాలి. అయితే చట్టం ఏజెంట్ మీద కూడా కొన్ని బాధ్యతలు పెట్టింది. వచ్చిన ప్రతి ఆఫర్‌నూ వెంటనే, రాతపూర్వకంగా అమ్మేవాళ్లకు తెలియజేయాలి. "మా ద్వారా లోన్ తీసుకుంటేనే మీ ఆఫర్ ముందుకు పంపుతాం" అనడం కుదరదు. ఎవరైనా అలా అంటే ఆ మాటను ఈమెయిల్‌లో రాసి ఇవ్వమనండి, చాలామంది అక్కడితో వెనక్కి తగ్గుతారు.

ఆఫర్ ఇచ్చేటప్పుడు అంకె ఒక్కటే చెబితే సరిపోదు. బ్యాంకు ముందస్తుగా ఇచ్చిన అంగీకార పత్రం, మీ సొలిసిటర్ పేరు, అమ్ముకోవాల్సిన ఇల్లేదీ మీకు లేదన్న సంగతి కూడా రాయండి. రెండువేలు తక్కువైనా అడ్డంకులు లేని కొనుగోలుదారు వైపే చాలామంది అమ్మకందార్లు మొగ్గుతారు. "సర్వేకూ కాంట్రాక్టుకూ లోబడి" అన్న మాట, "ఇక ఈ ఇంటిని వేరేవాళ్లకు చూపించకూడదు" అన్న షరతు రాయడం కూడా మరిచిపోవద్దు.

● రెండు వారాల మాట కోర్టులో నిలిచింది

ఆఫర్‌కు బలం లేకపోయినా, "ఇన్ని రోజులు ఇంకెవరితోనూ బేరమాడం" అన్న ఒప్పందానికి బలం ఉంటుంది. సఫోక్ ప్రాంతంలో ఓ చిన్న కాటేజీకి 2 లక్షల పౌండ్ల బేరం కుదిరింది. పోటీలో ఇంకొకరు ఉన్నారు. రెండు వారాల్లో కాంట్రాక్టుకు సిద్ధమవుతానని కొనేవాడు, అందాకా వేరే ఆఫర్ చూడమని అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. తర్వాత వాళ్లు మాట తప్పి పోటీదారుకు అమ్మేశారు. 1993లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ కొనేవాడి పక్షానే తీర్పు చెప్పింది. దీన్ని లాకౌట్ ఒప్పందం అంటారు. ఇల్లు మీకే దక్కుతుందన్న హామీ దీనివల్ల రాదు, అయితే సర్వే చేయించుకునేంత ఊపిరి దొరుకుతుంది. పోటీ గట్టిగా ఉన్న చోట దీన్ని రాయించమని సొలిసిటర్‌ను అడిగి చూడండి. అడిగేవాళ్లు తక్కువ.

● మియాపూర్‌లో ఉన్న ఫ్లాట్ మాంచెస్టర్‌లో పన్ను పెంచుతుంది

మనవాళ్లకు అన్నిటికంటే గట్టిగా తగిలే దెబ్బ ఇది. ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటే స్టాంప్ డ్యూటీ కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం మొదటి 1,25,000 పౌండ్ల మీద ఏమీ లేదు. అక్కణ్నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 9,25,000 దాకా 5 శాతం. 3 లక్షల పౌండ్ల ఇంటికి 5,000 పౌండ్లు అవుతుంది. మొదటిసారి కొనేవాళ్లకైతే 3 లక్షల దాకా అసలేమీ లేదు.

ఇక్కడే చూసుకోవాలి. "మొదటిసారి" అంటే ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేకపోవడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మియాపూర్‌లో కొన్న ఫ్లాటూ లెక్కే, తాతగారి నుంచి వారసత్వంగా వచ్చిన ఇంట్లో వాటా కూడా లెక్కే. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి.

అంతకంటే పెద్ద దెబ్బ అదనపు ఇంటి పన్ను. కొత్త ఇల్లు కొన్న రోజున 40,000 పౌండ్లు లేదా అంతకు మించి విలువున్న ఇల్లు ప్రపంచంలో ఇంకెక్కడ ఉన్నా మొత్తం ధర మీద 5 శాతం అదనం. హైదరాబాద్‌లో ఓ మోస్తరు ఫ్లాటుకే అంత విలువ ఉంటుంది. అది భార్య పేరిట ఉండి కొత్త ఇల్లు భర్త ఒక్కడి పేరిట కొన్నా దంపతులను కలిపే చూస్తారు. అదే 3 లక్షల ఇంటికి అప్పుడు పన్ను 20,000 పౌండ్లు. ఈ రేటు 2016లో 3 శాతంతో మొదలై 2024 అక్టోబర్ 31 నుంచి 5 శాతమైంది. ఉన్న సొంత నివాసం అమ్మి దాని స్థానంలో ఇంకొకటి కొనేవాళ్లకు మినహాయింపు ఉంది.

దీనికి తోడు, కొనే ముందు 12 నెలల్లో 183 రోజులు బ్రిటన్‌లో లేనివాళ్ల మీద 2021 ఏప్రిల్ నుంచి ఇంకో 2 శాతం పడుతుంది. కొత్తగా వెళ్లిన నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తొందరపడి కొంటే దీన్లో పడతారు. తర్వాత అక్కడే ఉండి రోజుల లెక్క పూర్తి చేస్తే ఆ 2 శాతం వాపసు అడగొచ్చు.

సొలిసిటర్ మీ తరఫున పన్ను రిటర్ను వేస్తారు గాని అందులోని సమాచారానికి బాధ్యత మీదే. "ఇండియాలో ఉన్నది వీళ్లకెలా తెలుస్తుందిలే" అని దాచొద్దు. ఉమ్మడి ఆస్తిలో పేరున్నా, లేకున్నా, పంపకాలు కాకపోయినా ఆఫర్ పెట్టకముందే సొలిసిటర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

● నాన్న పంపిన డబ్బుకు కథ అడుగుతారు

డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో సరిచూసుకోవడం సొలిసిటర్ల చట్టబద్ధమైన బాధ్యత. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనలు ఆ పని వాళ్ల మీద పెట్టాయి. చాలామంది దీన్ని అవమానంగా తీసుకుంటారు, అలా తీసుకోనక్కర్లేదు. గుంటూరు దగ్గర స్థలం అమ్మి తండ్రి పంపిన డబ్బైతే ఆ సేల్ డీడ్ (తెలుగులో ఉంటే అనువాదంతో సహా), అమ్మకం సొమ్ము జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ ఖాతా నుంచి ఇంగ్లండ్‌కు పంపిన రసీదు, ఇది తిరిగి ఇవ్వాల్సిన అప్పు కాదు కానుక అని తండ్రి సంతకం చేసిన లేఖ, ఆయన గుర్తింపు పత్రాలు కావాలి. ఈ గొలుసులో ఎక్కడ లింకు తెగినా పని ఆగిపోతుంది. అమ్మకంలో కొంత నగదుగా తీసుకున్న సొమ్ముకు ఈ లింకు దొరకదు, ఆ డబ్బు మీద ఆశ పెట్టుకుని ఆఫర్ వేయకూడదు.

భారత్‌లో ఉంటున్న వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. ప్రవాస భారతీయులు ఇక్కడ ఆస్తి అమ్ముకుంటే ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు. రెంటికీ కాగితాలు తయారవడానికి వారాలు పడుతుంది. కాబట్టి ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడే ఈ ఫైలు కూడా తెరవాలి.

● మీ సొలిసిటర్ బ్యాంకుకు కూడా సొలిసిటరే

ఇంటి లోన్ తీసుకుంటే సాధారణంగా ఒకే సొలిసిటర్ మీ తరఫునా బ్యాంకు తరఫునా పనిచేస్తారు. అమ్మేవాళ్లు పైకప్పు బాగోలేదని చివర్లో 5,000 తగ్గించారనుకోండి, ఆ సంగతి బ్యాంకుకు చెప్పి తీరాలి. డిపాజిట్‌లో సగం కానుకగా వచ్చిందనుకోండి, అదీ చెప్పాలి. "బ్యాంకుకు చెప్పకండి" అని మీరంటే, బ్యాంకు పని వదులుకోవడం తప్ప ఆయనకు దారి ఉండదు.

ఏజెంట్ ఓ సొలిసిటర్‌ను సిఫారసు చేస్తే అందుకు కమీషన్ ముడుతోందా అని అడగండి. ముడుతుంటే చెప్పాల్సిందే.

● సొలిసిటర్లు వెతికేవాటిలో తగరం గనులు, ఉప్పునీళ్లు కూడా ఉంటాయి

మనం ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసుకున్నట్టు అక్కడ సొలిసిటర్ సెర్చ్‌లు వేస్తారు. స్థానిక కౌన్సిల్ రికార్డులు, డ్రైనేజీ, వరద ముప్పు అంతటా చూసేవే. ప్రాంతాన్ని బట్టి ఇంకొన్ని కలుస్తాయి. పాత బొగ్గు ప్రాంతాల్లో ఇంటికింద గని సొరంగం ఉందా అని చూస్తారు. కార్న్‌వాల్‌లో తగరం గనుల సెర్చ్. చెషైర్‌లో భూగర్భంలోంచి ఉప్పునీరు తోడిన చోట నేల కుంగుతుంది కాబట్టి అక్కడ దానికో సెర్చ్.

వీటిలో ఎక్కువ ఆశ్చర్యపరిచేది చాన్సెల్ బాధ్యత. మధ్యయుగం నుంచి కొన్ని భూములకు ఊరి చర్చిలో ఒక భాగాన్ని బాగుచేయించే బాధ్యత అంటుకుని వస్తోంది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో అనే ఊళ్లో ఓ దంపతులకు పొలం వచ్చింది, దానితో పాటు ఈ బాధ్యతా వచ్చింది. చర్చి మరమ్మతు ఖర్చు కట్టమని నోటీసు వస్తే వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 2003లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కట్టాల్సిందేనంది. మరమ్మతులు, కోర్టు ఖర్చులు కలిసి లక్షల పౌండ్లయ్యాయి. ఆఖరికి 2009లో పొలాన్నే వేలం వేసుకోవాల్సి వచ్చింది. ఈ ఒక్క కేసు తర్వాత దేశమంతటా సొలిసిటర్లు చాన్సెల్ సెర్చ్ వేయడమో, కాస్త డబ్బుతో బీమా తీయించడమో అలవాటు చేసుకున్నారు. 2013 అక్టోబర్ నుంచి నిబంధన మారింది. ఈ బాధ్యతను రిజిస్టర్‌లో నమోదు చేయించకపోతే, ఆ తేదీ తర్వాత డబ్బిచ్చి కొన్నవాళ్లకు అది అంటదు.

● చిమ్మటల వల్ల మూడుకోట్ల పౌండ్ల భవనం వెనక్కి వెళ్లింది

ఇంట్లో లోపాలను అమ్మేవాళ్లు తమంతట తాముగా చెప్పాల్సిన పని లేదు. చూసుకోవాల్సింది కొనేవాళ్లే అన్నది పాత సూత్రం. అడిగిన ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పకూడదు. అందుకే సొలిసిటర్ పంపే ప్రశ్నలు, అమ్మేవాళ్లు నింపే టీఏ6 అనే ఫారం అంత ముఖ్యం. పక్కింటివాళ్లతో గొడవలున్నాయా, ఇంటికి మార్పులు చేస్తే అనుమతులున్నాయా, పెరట్లో జపనీస్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు ఉందా అని అందులో అడుగుతారు. 2023లో లండన్ ఇల్లొకటి అమ్మినాయన నాట్‌వీడ్ గడిలో "లేదు" అని టిక్ పెట్టిన పాపానికి పరిహారం, కోర్టు ఖర్చులతో భారీ మూల్యం చెల్లించుకున్నాడు. ఆ కలుపు తర్వాత బయటపడింది.

2025 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పిన తీర్పు ఇంకా పెద్దది. నాటింగ్ హిల్‌లో 3 కోట్ల 25 లక్షల పౌండ్లకు కొన్న విక్టోరియన్ భవనం అది. దిగిన కొన్నాళ్లకే ఇంటినిండా బట్టలు కొరికే చిమ్మటలు. చలి ఆపడానికి గోడల్లో, కప్పులో కూర్చిన గొర్రెవూలు పొరల్లో అవి పెరుగుతున్నాయి. ఖరీదైన దుస్తులు పాడయ్యాయి. అమ్మకానికి ముందు కొనేవాళ్ల సొలిసిటర్లు "ఇంట్లో పురుగుల బెడద ఏమైనా ఉందా" అని అడిగితే అమ్మినాయన తరఫున వచ్చిన జవాబు నిజం కాదని కోర్టు తేల్చింది. అమ్మకాన్ని రద్దుచేసి, డబ్బులో చాలా భాగం తిరిగి ఇమ్మంది. సర్వేయర్ల కంటికి కనబడనిది ఒక్క వాక్యం ప్రశ్న వల్ల కోర్టులో నిలిచింది. అందుకే నా మట్టుకు, చవగ్గా చేసే సొలిసిటర్ కంటే ఓపిగ్గా ప్రశ్నలడిగే సొలిసిటర్ మేలు అంటాను.

దీనికి అవతలి అంచున ఇంకో కేసుంది. ఇంట్లో ఒకప్పుడు హత్య జరిగిందన్న సంగతి చెప్పకుండా అమ్మారని కొన్నవాళ్లు దావా వేస్తే, 2004లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ కొట్టేసింది. నేరుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, చెప్పాల్సిన అవసరం లేదని అమ్మేవాళ్లు నిజాయతీగానే నమ్మారని అంది. ఇంటి చరిత్ర గురించి పట్టింపు ఉన్నవాళ్లు, మనలో అలాంటివాళ్లు ఎక్కువే, ఆ ప్రశ్నను విడిగా అడిగించుకోవాలి.

● ఇల్లు మీకు కట్టుబడేది ఒక ఫోన్ కాల్‌తో

కాంట్రాక్టుకు రెండు ప్రతులు ఉంటాయి. అమ్మేవాళ్లు సంతకం చేసింది వాళ్ల సొలిసిటర్ ఫైల్లో, మీరు సంతకం చేసింది మీ సొలిసిటర్ ఫైల్లో. రెండింటి మీదా తేదీ రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది. మీ డిపాజిట్, సాధారణంగా ధరలో పదో వంతు, అప్పటికే మీ సొలిసిటర్ ఖాతాలో చేరి ఉంటుంది. ఒకరు ఇంకొకరికి ఫోన్ చేస్తారు. ఇంటి చిరునామా, ఇరుపక్షాల పేర్లు, ధర, డిపాజిట్, తాళాలు ఇచ్చే తేదీ చదివి సరిచూసుకుంటారు. "ఫార్ములా బి ప్రకారం మార్చుకుందామా" అని ఒకరు, "సరే" అని ఇంకొకరు. ఇద్దరూ తేదీ నింపి, గంటా నిమిషం, మాట్లాడినవాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుంటారు. ఆ నిమిషం నుంచి ఇద్దరూ కట్టుబడ్డారు. కాగితాలు తర్వాత పోస్టులో వెళతాయి.

ఫోన్ మీద మార్చుకోవడం చెల్లుతుందని 1970ల చివర్లో ఓ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ అన్నాక, ఎవరూ మాట మార్చకుండా లా సొసైటీ ఈ ఫార్ములాలు రాసిపెట్టింది. మీరు అమ్మేవాళ్ల ఇల్లు, వాళ్లు ఇంకొకరి ఇల్లు, ఆ ఇంకొకరు మరొకరి ఇల్లు కొంటూ ఉంటే ఆ వరసలో అందరి ఫోన్లూ ఒకే రోజు పూర్తికావాలి.

ఆ ఫోన్ అయ్యాక వెనక్కి తగ్గితే నష్టం మీదే. చెప్పిన రోజుకు డబ్బు తేకపోతే అవతలివాళ్లు నోటీసిస్తారు, వాడుకలో ఉన్న ప్రామాణిక షరతుల ప్రకారం 10 పనిదినాల గడువు. అదీ దాటితే డిపాజిట్ పోయినట్టే.

● ఇంకా దిగని ఇంటికి బీమా

ఆ ప్రామాణిక షరతుల్లోనే ఇంకోటుంది. కాంట్రాక్టులు చేతులు మారిన క్షణం నుంచి ఇంటికి ఏమైనా అయితే ఆ భారం కొనేవాళ్లది. తాళాలు ఇంకా రాలేదు, అమ్మేవాళ్లే అందులో ఉన్నారు, అయినా సరే. అందుకే ఆ ఫోన్ కాల్ రోజుకే బీమా మొదలయ్యేలా చూసుకోవాలి.

● సొలిసిటర్ ఇచ్చిన మాట మీద లక్షల పౌండ్లు కదులుతాయి

అమ్మేవాళ్లకు ఆ ఇంటి మీద పాత లోన్ ఉండొచ్చు. మీరిచ్చే డబ్బుతోనే అది తీరాలి. అది తీరకముందే మీ సొలిసిటర్ డబ్బంతా ఎలా పంపుతారు? అవతలి సొలిసిటర్ "ఈ సొమ్ములోంచి లోన్ తీర్చేస్తాను" అని రాసి ఇచ్చే హామీ మీద. సొలిసిటర్ ఇచ్చిన ఇలాంటి హామీని కోర్టు నేరుగా అమలు చేయించగలదు, తప్పితే వృత్తికే ముప్పు. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడీ ఓ చేత్తో ఇచ్చి సంతకం ఇంకో చేత్తో తీసుకుంటాం. అక్కడ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఎదురుపడాల్సిన పనే లేదు.

● స్కాట్లండ్‌లో ఆఫర్ పెట్టేదే సొలిసిటర్

సరిహద్దు దాటితే పద్ధతే వేరు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరాలోనో ఇల్లు కొనాలంటే లిఖితపూర్వకమైన ఆఫర్‌ను మీ సొలిసిటర్ అవతలి సొలిసిటర్‌కు పంపాలి. అక్కడ సొలిసిటర్లు ఇళ్లు అమ్మిపెడతారు కూడా, ఎడిన్‌బరాలో వాళ్లంతా కలిసి పెట్టుకున్న ఆస్తుల కేంద్రం 1971 నుంచీ ఉంది.

ఇల్లు నచ్చితే మీ సొలిసిటర్ ముందు "ఆసక్తి ఉంది" అని నమోదు చేస్తారు. ఆసక్తి చూపినవాళ్లు ఎక్కువైతే ఒక రోజు, ఒక గంట పెడతారు. ఆ సమయానికి అందరూ సీల్డ్ ఆఫర్లు ఇవ్వాలి. అవతలివాడు ఎంత వేశాడో ఎవరికీ తెలియదు, రెండో అవకాశం సాధారణంగా ఉండదు. ఎక్కువ వేసినవాళ్లకే ఇవ్వాలన్న నియమమూ లేదు. ఆ తర్వాత సొలిసిటర్ల మధ్య ఉత్తరాలు నడుస్తాయి, షరతులన్నీ కుదిరిన ఉత్తరంతో బేరం ఖాయం. డిపాజిట్ కట్టే ఆనవాయితీ లేదు. ఒకరికి మాటిచ్చాక అమ్మేవాళ్లు ఇంకో పెద్ద ఆఫర్ వైపు తిరగాలనుకుంటే, వాళ్ల సొలిసిటర్ ఆ పని నుంచి తప్పుకోవాలని స్కాట్లండ్ లా సొసైటీ మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే అక్కడ గజంపింగ్ అరుదు. ఇంగ్లండ్‌లో కూడా ఈ ఒక్క నియమం పెట్టి ఉంటే ఎన్ని కుటుంబాలకు మేలు జరిగేదో.

2008 డిసెంబర్ నుంచి స్కాట్లండ్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లే సర్వే, ఇంధన సామర్థ్య నివేదిక, ప్రశ్నావళి కలిపి హోమ్ రిపోర్ట్ ఇవ్వాలి. ఇంగ్లండ్ 2007లో ఇలాంటిదే తెచ్చి 2010లో పక్కన పెట్టేసింది. హోమ్ రిపోర్ట్‌లో ఇంటి విలువ కూడా ఉంటుంది. బ్యాంకు లోన్ ఇచ్చేది ఆ విలువ మీదే. రిపోర్ట్‌లో 2,50,000 ఉండి మీరు 2,65,000 వేస్తే, పై 15,000 మీ జేబులోంచే. పది శాతం సొంత వాటా 25,000 కలిపితే చేతిలో 40,000 పౌండ్లు ఉండాలి, పన్ను కాక.

● చేతిలో మట్టి, రాయి

స్కాట్లండ్‌లో భూమి హక్కుల రిజిస్టర్ 1617లో మొదలైంది. దేశమంతటికీ వర్తించేలా ప్రజలు చూసుకోగలిగిన భూమి రిజిస్టర్లలో అదే అత్యంత పాతదంటారు. ఆ రోజుల్లో భూమి చేతులు మారాలంటే సాక్షుల ముందు, ఆ నేల మీదే, ఆ నేల మట్టినీ రాయినీ తీసి కొత్త యజమాని తరఫు మనిషి చేతిలో పెట్టేవారు. చేపల వేట హక్కైతే వల, పడవ. నోటరీ అక్కడే నిలబడి జరిగిందంతా రాసుకునేవాడు. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి ఆ తంతు పోయి కాగితమే మిగిలింది.

● సొలిసిటర్ లేకుండానూ కొనొచ్చు

ఇంటి బదిలీ పని మీద ఇంగ్లండ్ న్యాయవాదులకు గుత్తహక్కు వచ్చింది 1804లో. 1985 చట్టంతో అది పోయి, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు అనే వేరే వృత్తి వచ్చింది. మీ పని మీరే చేసుకున్నా తప్పులేదు. లోన్ ఇచ్చే బ్యాంకు మాత్రం ఒప్పుకోదు.

● హక్కుకు ప్రభుత్వం పూచీ

మన దగ్గర రిజిస్టరయ్యేది దస్తావేజు. అమ్మినవాడికి నిజంగా హక్కుందా లేదా అన్నదానికి సబ్ రిజిస్ట్రార్ పూచీ పడరు. అందుకే ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు. ఇంగ్లండ్‌లో 1862లో మొదలైన ల్యాండ్ రిజిస్ట్రీ హక్కునే నమోదు చేస్తుంది, రిజిస్టర్‌లో పొరపాటు వల్ల నష్టపోతే పరిహారం ఇస్తుంది. 1990 డిసెంబర్ నుంచి దేశమంతటా అమ్మిన ప్రతి ఇల్లూ ఇందులో నమోదు కావాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల పెద్ద చర్చ రేపిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం కూడా హక్కుకు పూచీ అన్న ఆలోచన మీదే వచ్చింది. భూ వివాదాలు సివిల్ కోర్టుల నుంచి తప్పిపోతాయన్న భయాలతో వ్యతిరేకత వచ్చి 2024లో అది రద్దయింది.

● ఖాళీ ఇంటిని వేరేవాళ్లు అమ్మేయగలరు

లండన్‌లో ఖాళీగా ఉన్న ఇంటికి యజమానినంటూ ఓ మోసగాడు వచ్చి, సొలిసిటర్లను పెట్టుకుని, 11 లక్షల పౌండ్లకు అమ్మి డబ్బుతో మాయమయ్యాడు. కొన్నవాళ్లకు ఇల్లూ రాలేదు, డబ్బూ రాలేదు. 2018లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఇరుపక్షాల సొలిసిటర్లనూ బాధ్యులను చేసింది. మీ పాస్‌పోర్టును, ఫొటోను, చిరునామాను ఒకటికి రెండుసార్లు అడిగి సరిచూస్తుంటే విసుక్కోకండి, ఈ తీర్పు తర్వాత వాళ్లకు ఇంకో దారి లేదు.

ఇంకో మోసం ఈమెయిల్ మీద జరుగుతుంది. సొలిసిటర్ రాసినట్టే ఉన్న మెయిల్‌లో "మా బ్యాంకు ఖాతా మారింది" అని వస్తుంది. డబ్బు ఎక్కువగా కదిలే శుక్రవారం మధ్యాహ్నాలు చూసుకుని పంపుతారు. డిపాజిట్ పంపే ముందు, మొదటి రోజు ఇచ్చిన నంబర్‌కు మీరే ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకోండి. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు మాత్రం చేయొద్దు.

అక్కడ ఇల్లు కొని, అద్దెకిచ్చి, హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేసినవాళ్లకు రెండు రక్షణలున్నాయి. ల్యాండ్ రిజిస్ట్రీ ఉచిత హెచ్చరిక సేవలో పది ఇళ్ల దాకా నమోదు చేసుకోవచ్చు, ఆ ఇంటి రిజిస్టర్ మీద ఎవరైనా దరఖాస్తు పెడితే ఈమెయిల్ వస్తుంది. రెండోది, సొంత ఇంట్లో ఉండని యజమాని తన రిజిస్టర్‌లో ఒక నియంత్రణ రాయించుకోవచ్చు. వ్యక్తులకు దీనికి ఫీజు లేదు. అది ఉన్నంతకాలం, అమ్మకానికి వచ్చినవాడే అసలు యజమాని అని ఓ సొలిసిటరో కన్వేయన్సరో రాసి ఇస్తే తప్ప ఆ ఇంటి అమ్మకం నమోదు కాదు.